వేడెక్కిన టైరులో గాలి తీయకండి: లారీ టైర్ల విషయంలో అలవాటైపోయిన తప్పులు

మే నెల మధ్యాహ్నం హైవే పక్కన ఏ దాబా దగ్గర చూసినా ఈ దృశ్యం ఉంటుంది. బండి ఆగగానే క్లీనర్ దిగి టైరు మీద చెయ్యి వేస్తాడు, కాలుతుంది. మూత తీసి వాల్వు పిన్ను నొక్కి కాసేపు గాలి వదిలేస్తాడు. గాలి తగ్గితే టైరు చల్లబడుతుందని, లేకపోతే పేలుతుందని నమ్మకం. లారీ టైర్లను తొందరగా చంపే అలవాట్లలో ఇదే మొదటిది, అందుకే దీనితో మొదలుపెడదాం.

లెక్క చూడండి. తెల్లవారుజామున 30 డిగ్రీల దగ్గర టైరులో 110 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉందనుకుందాం. బండి లోడుతో నడిచి లోపలి గాలి 65 డిగ్రీలకు చేరితే గేజి 124 దగ్గర చూపిస్తుంది. అంటే 14 పీఎస్‌ఐ పెరగడం మామూలే. టైరు తయారుచేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు. వాళ్లు చెప్పే గాలి ఎప్పుడూ చల్లని టైరుకు చెప్పినదే, వేడికి పెరిగేదాన్ని తట్టుకునేలాగే టైరు కట్టి ఉంటుంది. ఇప్పుడు ఆ 124ను వాల్వు నొక్కి 110కి దించారనుకోండి. రాత్రి బండి చల్లారాక అదే టైరులో మిగిలేది సుమారు 97. మర్నాడు అదే లోడుతో బయలుదేరితే టైరు కింది భాగం ఇంకా ఎక్కువ నలుగుతుంది. నలిగిన కొద్దీ వేడి పుడుతుంది. ఆ వేడి చూసి దాబా దగ్గర మళ్లీ గాలి తీస్తారు. టైరు పేలిన రోజున నింద ఎండ మీద పడుతుంది. ఎండ పాత్ర లేకపోలేదు. రామగుండం, విజయవాడ వైపు వేసవిలో గాలే 45 డిగ్రీలు తాకుతుంది, తారు అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంది. కానీ తగినంత గాలి ఉన్న టైరు ఆ ఎండలోనూ నడుస్తుంది. గాలి తక్కువై, లోడు, వేగం ఎక్కువైన టైరే పోతుంది.

దారిలో టైరు వేడిగా అనిపిస్తే చేయాల్సింది పోల్చి చూడటం. అన్ని టైర్లకూ గేజి పెట్టండి. అన్నీ 120, 125 మధ్య ఉండి ఒకటి 105 దగ్గర ఉంటే పంక్చరో, వాల్వు లీకో ఉన్నది దానికే. ఒక్క చక్రం మాత్రమే మిగతావాటికంటే బాగా కాలుతూ గాలి సరిగ్గానే ఉంటే బ్రేకు పట్టేస్తోందా, బేరింగు బిగుసుకుందా చూడండి. హబ్బు దగ్గర చెయ్యి పెట్టేముందు జాగ్రత్త, తోలు ఊడొస్తుంది. వేడి తగ్గాలంటే బండిని నీడలో ఆపి వదిలేయడమే దారి. బకెట్టుతో నీళ్లు కొడితే రబ్బరు పైపైన మాత్రమే చల్లబడుతుంది, లోపలి వేడి అలాగే ఉంటుంది. ఎర్రగా కాగిన బ్రేకు డ్రమ్ము మీద ఆ నీళ్లు పడితే డ్రమ్ము పగలొచ్చు.

రాడ్డుతో కొడితే తెలిసేదేమిటి

టామీ రాడ్డుతో టైరు మీద కొట్టి, శబ్దం విని, "గాలి ఉంది" అని తేల్చేయడం మన దగ్గర పెద్ద విద్య. ఆ దెబ్బకు తెలిసేది ఒక్కటే: టైరు పూర్తిగా దిగిపోయిందా లేదా. 110 ఉండాల్సిన టైరులో 85 ఉన్నా ఆ శబ్దంలో తేడా చెవికి దొరకదు. కంటికీ దొరకదు. రేడియల్ టైరు (లోపల ఉక్కు తీగలతో కట్టినది) సరైన గాలితో ఉన్నా నేల దగ్గర పక్కలు కొంచెం ఉబ్బి కనిపిస్తుంది, దాని కట్టుబడే అంత. పాత రకం నైలాన్ దారాల టైర్లు వాడిన చేతులు ఆ ఉబ్బు చూసి గాలి తక్కువుందని ఎక్కించేస్తాయి. దాంతో ట్రెడ్డు, అంటే రోడ్డును తాకే భాగం, మధ్యలో అరిగిపోతుంది, గుంతలో పడ్డప్పుడు దెబ్బ నేరుగా లోపలి తీగలకు తగులుతుంది.

కొనాల్సింది 160 పీఎస్‌ఐ దాకా చూపించే, రెండు తలల లారీ గేజి. ఒక తల నిటారుగా, ఒకటి వంపుగా ఉంటుంది, వెనక జంటలో లోపలి టైరు వాల్వుకు అందేది రెండోదే. కింద పడ్డ గేజిని నమ్మకండి. నెలకోసారి మంచి షాపులోని గేజితో సరిపోల్చుకోండి, 5 పీఎస్‌ఐ తేడా ఉంటే పక్కన పడేయండి.

గాలి చూసే పద్ధతి ఇదీ:

1. బండి ఆగి కనీసం మూడు, నాలుగు గంటలు అయి ఉండాలి. ఎండ పడకముందు చూడటం మేలు. ఒక పక్క టైర్లకు ఎండ తగిలి, ఇంకో పక్క నీడలో ఉంటే అంకెలు పోల్చడానికి పనికిరావు.
2. స్టెప్నీతో సహా అన్ని టైర్లూ చూడాలి. లోపలి టైరు చెయ్యి అందదని వదిలేసేవాళ్లే ఎక్కువ. అందకపోతే వాల్వు ఎక్స్‌టెన్షన్ వేయించండి.
3. అంకెలు పుస్తకంలో రాయండి. బాగున్న ట్యూబ్‌లెస్ టైరు నెలకు ఒకటి, రెండు పీఎస్‌ఐ కోల్పోవడం సహజం. వారంలో 5 తగ్గిందంటే లీకు ఉన్నట్టే. వాల్వు నోటికి ఉమ్మి రాసి బుడగ చూసే పాత పద్ధతి పనిచేస్తుంది, సబ్బునీళ్లయితే రిమ్ము అంచు, ట్రెడ్డు కూడా చూడొచ్చు.
4. వాల్వు మూత తప్పకుండా పెట్టండి. మూత లేని వాల్వులోకి దుమ్ము, బురద పోయి పిన్ను దగ్గర కూర్చుంటాయి, గాలి సన్నగా జారుతుంది. లోపల రబ్బరు వాషరు ఉన్న ఇనప మూత వాడితే పిన్ను లీకైనా గాలి ఆపుతుంది.

ఎంత గాలి పెట్టాలన్నది బండిని బట్టి, మోస్తున్న బరువును బట్టి, టైరు కంపెనీ ఇచ్చిన పట్టికను బట్టి ఉంటుంది. పక్క బండివాడు 120 పెట్టాడని మీరూ పెట్టడం కుదరదు. వాడిది 295/80 ఆర్22.5 ట్యూబ్‌లెస్ కావచ్చు, మీది 10.00-20 నైలాన్ కావచ్చు. రెంటి సంగతీ వేరు.

దిగిపోయిన టైరుకు నేరుగా గాలి కొట్టడం

ప్రాణాల మీదికి వచ్చే తప్పు ఇది, కొంచెం నిదానంగా చదవండి. ఉండాల్సిన గాలిలో 80 శాతం లేదా అంతకంటే తక్కువకు పడి నడిచిన టైరును, అంటే 110 ఉండాల్సిన చోట 88 లేదా ఇంకా తక్కువ ఉన్నదాన్ని, గాలి లేకుండా నడిచిన టైరుగానే లెక్కపెట్టాలి. దాన్ని బండి మీద ఉంచి గాలి కొట్టకూడదు.

రేడియల్ పక్కగోడలో సన్నని ఉక్కు తీగలు వరసగా ఉంటాయి. గాలి తక్కువగా నడిచినప్పుడు ప్రతి చుట్టులోనూ అవి అటూ ఇటూ వంగుతాయి. బైండింగు తీగను చేత్తో పదేపదే వంచితే ఎలా తెగుతుందో ఇవీ అలాగే ఒక్కొక్కటిగా బలహీనపడతాయి. పైన రబ్బరు మీద గీత కూడా కనిపించదు. ఆ టైరుకు మళ్లీ గాలి నింపితే ఒక తీగ తెగుతుంది, దాని బరువు పక్కదాని మీద పడి అదీ తెగుతుంది. క్షణంలో పక్కగోడ జానెడు నుంచి గజం పొడవున చీలిపోతుంది. 100 పీఎస్‌ఐ గాలి ఒక్క పక్కకు తన్నుకొస్తే ఎదురుగా ఉన్న మనిషి బతికితే అదృష్టమే. గాలి కొట్టేవాళ్లు టైరు పక్కగోడకు ఎదురుగా, గొట్టం చేత్తో పట్టుకుని కూర్చోవడం రోడ్డు పక్కన రోజూ కనిపించేదే.

సరైన దారి: జంట టైర్లయితే నట్లు వదులు చేయకముందే రెండు టైర్లలోనూ వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలండి. టైరు దించి, రిమ్ము నుంచి వేరుచేసి, లోపల టార్చి వేసి చూడండి. లోపలి పొర ముడతలు పడటం, రాపిడికి నల్లటి రబ్బరు పొడి రాలి ఉండటం, పక్కగోడ వేలితో నొక్కితే ఒక చోట మెత్తగా తగలడం, తీగ కనిపించడం, వీటిలో ఏది ఉన్నా ఆ టైరు పని అయిపోయినట్టే. బాగుందనిపిస్తే ఇనప బోనులో పెట్టి గాలి కొట్టాలి. గొట్టం కొస వాల్వుకు కరుచుకునే రకంది ఉండాలి, మనిషి దూరంగా నిలబడి అక్కడి నుంచే గేజి చూస్తూ గాలి వదలాలి. 20 పీఎస్‌ఐ దగ్గర ఆపి పక్కగోడలు చూడండి. ఎక్కడైనా ఉబ్బినా, ఎగుడుదిగుడుగా కనిపించినా, టప్ టప్‌మని చిటపటలు వినిపించినా దగ్గరికి వెళ్లకుండా గాలి వదిలేసి టైరు తీసేయండి.

10.00-20 సైజులో లాక్ రింగు (టైరును రిమ్ము మీద పట్టి ఉంచే ఇనప రింగు) ఉన్న రిమ్ములకు ఇంకో ప్రమాదం ఉంది. రింగు గాడిలో సరిగ్గా కూర్చోకుండా గాలి ఎక్కితే అది గాల్లోకి లేస్తుంది. గాలి ఎక్కుతుండగా రింగు మీద సుత్తితో కొట్టి సర్దడం ఆత్మహత్యతో సమానం. రింగు సరిగ్గా కూర్చోలేదనిపిస్తే గాలి పూర్తిగా తీసి మళ్లీ మొదలుపెట్టాలి. తుప్పు గోకి శుభ్రం చేయకుండా రింగు ఎక్కించకండి. ఒక కంపెనీ రిమ్ముకు ఇంకో కంపెనీ రింగు, చూడటానికి సరిపోయినట్టున్నా, వేయకండి.

జంట టైర్లలో జోడీ కుదరాలి

వెనక జంటలో ఒకటి కొత్తది, ఒకటి సగం అరిగినది వేసి "ఎలాగూ రెండూ కలిసి మోస్తాయిగా" అనుకుంటారు. మోయవు. పెద్ద టైరు ఎక్కువ బరువు నెత్తినేసుకుంటుంది, చిన్నది ఈడ్చుకుంటూ వెళ్తుంది. రెండూ ఒకే హబ్బుకు బిగించి ఉన్నాయి కాబట్టి ఒకే లెక్కన తిరగాలి. 10.00 ఆర్20 టైరు చుట్టుకొలత సుమారు 3.3 మీటర్లు, కిలోమీటరుకు దాదాపు 300 సార్లు తిరుగుతుంది. చుట్టుకొలతలో 10 మిల్లీమీటర్ల తేడా ఉంటే కిలోమీటరుకు 3 మీటర్లు ఆ జంట రోడ్డు మీద రాసుకుంటూ పోవాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా 270 కిలోమీటర్లు వేసుకున్నా 800 మీటర్లు ఉత్త రాపిడే. గాలిలో తేడా ఉన్నా ఇదే జరుగుతుంది. అందుకే లోపలిదానికి, బయటిదానికి 5 పీఎస్‌ఐ కంటే ఎక్కువ తేడా ఉండకూడదు.

కొలవడం కష్టమేమీ కాదు. టైర్లు దించినప్పుడు గాలి ఎక్కించి, ఇంచి టేపు ట్రెడ్డు మధ్యలో చుట్టూ తిప్పి చూడండి. ఈ సైజు లారీ టైర్లకు చుట్టుకొలతలో 40 మిల్లీమీటర్లకు, వ్యాసంలో 12 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే జోడీ కలపకూడదు. ఇది చివరి హద్దు, ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. కొద్ది తేడా తప్పనప్పుడు పెద్దది బయట వేయండి, మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటాయి కాబట్టి. రేడియల్, నైలాన్ ఒకే యాక్సిల్ మీద కలపడం అసలు వద్దు. లోడు వేశాక రెండు టైర్ల పక్కలు కింద ఒకదానికొకటి తగులుతున్నాయేమో కూడా చూడండి. గ్రానైట్, కంకర తోలే టిప్పర్లలో జంట మధ్య ఇరుక్కున్న రాయిని బయలుదేరేముందే తీయాలి. అది అలాగే ఉంటే రెండు పక్కగోడలనూ కోస్తుంది.

ఓవర్‌లోడు, ఎక్కువ గాలి

"రెండు టన్నులు ఎక్కువేశాం, పది పాయింట్లు ఎక్కువ కొట్టు" అనే మాట వినని లోడింగు పాయింటు లేదు. టైరు ఎంత మోస్తుందన్నది పక్కగోడ మీద రాసి ఉంటుంది, గాలి పెంచితే ఆ హద్దు పెరగదు. 146/143 కె అని ఉందనుకోండి. 146 అంటే ఒంటరిగా ఉన్నప్పుడు 3,000 కిలోలు, 143 అంటే జంటలో ఉన్నప్పుడు ఒక్కోటి 2,725 కిలోలు, కె అంటే వేగం హద్దు గంటకు 110 కిలోమీటర్లు. జంటలో మోసే బరువు తక్కువ ఎందుకంటే రెండూ ఎప్పుడూ సమానంగా పంచుకోవు.

ఇక్కడ చాలామంది ఓనర్లు చూడని సంగతి ఒకటుంది. 2018లో కేంద్రం యాక్సిల్ బరువు పరిమితులు పెంచినప్పుడు నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్ 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు వెళ్లింది. 143 సూచీ ఉన్న నాలుగు టైర్లు మోయగలిగేది 10.9 టన్నులే. 145 ఉంటే 11.6 వస్తుంది, 148 ఉంటే 12.6. అంటే ఆర్‌సీలో బరువు సరిపోయినా పాత టైరు సరిపోకపోవచ్చు. టైర్లు మార్చేటప్పుడు సైజు ఒక్కటే చెప్పి కొనకండి, ఈ అంకె అడిగి తీసుకోండి. లిఫ్ట్ యాక్సిల్ ఉన్న బండిలో టైర్లు ఆదా అవుతాయని లోడుతో కూడా దాన్ని పైకెత్తి నడపడం ఇంకో రకం పొదుపు. ఆ బరువంతా మిగతా టైర్ల మీద పడుతుంది, ఆదా చేసిన రెండు టైర్ల కోసం నాలుగు పోతాయి.

అరుగుదల ఏం చెబుతోంది

టైరు తొందరగా అరిగితే "కంపెనీ మాల్ బాలేదు" అనడం తేలిక. ముందు టైరు మీద చెయ్యి పెట్టి చూడండి. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువ. మధ్యలో అరిగితే ఎక్కువ. ఒక్క చోట మాత్రం చదునుగా గీకేసినట్టుంటే బ్రేకు పట్టి చక్రం ఈడ్చుకుపోయింది. గుంతలు గుంతలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు, బేరింగు, బ్యాలెన్సింగు చూడాలి. లారీకి బ్యాలెన్సింగు అక్కర్లేదన్నది అపోహే, ముందు టైర్లకైనా చేయించండి.

ముందు టైరు మీద అరచేతిని బయటి నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటికి జరపండి. లోపలికి వెళ్లేటప్పుడు నున్నగా, బయటికి వచ్చేటప్పుడు రంపంలా గరుకుగా తగిలితే టో-ఇన్ (చక్రాల ముందు వైపు లోపలికి తిరిగి ఉండటం) ఎక్కువైంది. తిరగబడితే టో-అవుట్. అలైన్‌మెంటు చేయించేముందు కింగ్ పిన్ను, టై రాడ్ చివర్లు, బేరింగు లూజు చూపించుకోండి. వాటిలో ఆట ఉండగా చేసిన అలైన్‌మెంటు షాపు గేటు దాటేదాకా కూడా నిలవదు.

గుండు అయ్యేదాకా నడిపితే పూర్తి డబ్బులు వసూలైనట్టు అనుకోవడం కూడా తప్పు లెక్కే. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉండాలి. వానలో ముందు టైర్లకు అది చాలదు, 4 దగ్గర ముందు నుంచి తీసేయండి. పైగా తీగ బయటపడేదాకా అరగదీసిన టైరు రీట్రేడింగుకు, అంటే పాత ఒంటికి కొత్త ట్రెడ్డు వేయడానికి, పనికిరాదు, 3, 4 మిల్లీమీటర్లు ఉండగా పంపితే దాని ఒళ్లు ఇంకో జీవితానికి పనికొస్తుంది.

రీట్రేడు టైర్లే పేలతాయా

హైవే మీద పడి ఉన్న రబ్బరు పట్టీలు చూసి రీట్రేడు ఊడిందనుకుంటాం. అమెరికా రవాణా భద్రతా సంస్థ 2008లో వెలువరించిన అధ్యయనంలో రోడ్డు మీది ముక్కలను ఏరి చూస్తే, వాటిలో కొత్త, రీట్రేడు టైర్ల వాటా, రోడ్డు మీద తిరిగే వాటి వాటా ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. గాలి తక్కువై వేడెక్కడం కొత్త టైరుకైనా, రీట్రేడుకైనా జరగొచ్చు. మంచి ఒళ్లున్న టైరుకు మంచి షాపులో చేసిన రీట్రేడు వెనక యాక్సిళ్లకు నిక్షేపంగా నడుస్తుంది. సుమారు 100 డిగ్రీల దగ్గర ఉడికే కోల్డ్ ప్రాసెస్‌లో, 150 దగ్గర ఉడికే హాట్ ప్రాసెస్ కంటే పాత ఒంటికి వేడి దెబ్బ తక్కువ. ముందు టైర్లకు మాత్రం రీట్రేడు వేయకండి. అక్కడ టైరు పోతే స్టీరింగు చేతిలో ఉండదు.

చిన్నవే, కానీ ఖర్చు పెట్టించేవి

కొత్త టైరులో పాత ట్యూబు, పాత ఫ్లాపు (ట్యూబుకు, రిమ్ముకు మధ్య వేసే రబ్బరు పట్టీ) వేస్తే వెయ్యో రెండు వేలో మిగులుతాయి. పాత ట్యూబు ఇప్పటికే సాగి ఉంటుంది, కొత్త టైరులో మడత పడుతుంది, ఆ మడత దగ్గరే పగులుతుంది. రేడియల్‌కు రేడియల్ ట్యూబే వేయాలి.

ట్యూబ్‌లెస్ టైరుకు బయటి నుంచి పురి దూర్చి వేసే పంక్చరు షాపు దాకా చేరడానికి మాత్రమే. టైరు విప్పి, లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్యాచి వేస్తేనే రంధ్రమూ మూసుకుంటుంది, లోపలి పొరా మూసుకుంటుంది. లేకపోతే చెమ్మ దూరి ఉక్కు తీగలు తుప్పు పడతాయి. ట్రెడ్డు భాగంలో 10 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికే ఇది. పక్కగోడకు ఇలా ప్యాచి వేసి లోడు ఎత్తకండి.

నైట్రోజన్ కొట్టిస్తే గాలి చూడక్కర్లేదంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి రెండూ ఒకేలా పెరుగుతాయి. పొడిగా ఉండటం, కొంచెం నెమ్మదిగా జారడం దాని లాభాలు. ఆ పొడితనం మీ షెడ్డులోనూ దొరుకుతుంది, కంప్రెసరు ట్యాంకు అడుగున చేరిన నీళ్లను రోజూ వదిలేస్తే చాలు.

మెరుపు కోసం టైర్లకు డీజిలు, వాడేసిన ఇంజను ఆయిలు రాయకండి. నూనె తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బునీళ్లు చాలు.

కొత్త టైరు కొనేటప్పుడు పక్కగోడ మీద తయారీ తేదీ చెప్పే నాలుగు అంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం. ఏళ్ల తరబడి గోడౌనులో పడి ఉన్నదానికి కొత్త ధర ఇవ్వక్కర్లేదు. మీ స్టెప్నీకి కూడా ఈ అంకె చూడండి, బండితోపాటు వచ్చి ఇప్పటిదాకా నేలను తాకని స్టెప్నీలు చాలానే ఉంటాయి.

చక్రం మళ్లీ బిగించేటప్పుడు హబ్బు ముఖం, డిస్కు ముఖం మీద తుప్పు, మట్టి, మందపాటి పెయింటు గోకేయండి. నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, చివర్లో బండి మాన్యువల్లో ఉన్న అంకెకు టార్క్ రెంచితో చూడండి. రెంచికి గజం పైపు తగిలించి ఎక్కి తొక్కడం వల్ల స్టడ్డు సాగిపోతుంది, సాగిన స్టడ్డు నట్టును పట్టి ఉంచలేదు. 50 నుంచి 100 కిలోమీటర్లు వెళ్లాక ఆపి మళ్లీ బిగువు చూడాలి. ఆ తర్వాత ఏ రోజైనా నట్టు చుట్టూ తుప్పు చారలు కిందికి కారి కనిపిస్తే ఆ నట్టు వదులైందని అనుమానించి అక్కడే చూడండి.